పెంకుల తీర్పు

హేమంతర్తువు ప్రవేశించెను. ప్రాలేయజాలావృతమైన ప్రాక్సముద్రము తన తరంగఘోషమును మాత్రము తీరమునకుఁ బంపి తన రూపమును జూపనొల్లక ధవళయవనికాంతరమున దాఁగియుండెను. ఒడ్డునందలి తాటితోఁపుల శిరస్సులు మొండెములు కానరాక మంచుపైఁ దేలియాడుచు నఱకివేసిన తలలవలెఁ జూపఱకు భీతి గొల్పుచుండెను. తెప్పల నిసుకపైకి లాగుచు జాలరులు పెట్టు కేకలు ఎవరివో యెచ్చటివో తెలియరాక గాలిలోఁ గలసిపోవుచుండెను. అట్టి ప్రాతఃకాలమునఁ గళింగతీరమునందలి యొకానొక పట్టణమున నిసుకదిబ్బపైనున్న యున్నతపాఠశాల గంట మ్రోఁగెను. పూర్వము పరదేశవర్తకులు సరకులు దాఁచుకొనుటకై మందపుగోడలతోఁ గట్టించి విడిచిపోయిన గిడ్డంగియే తరువాతఁ బాఠశాల యైనది గావున నందలి గదులు శీతకాలమున సమాధులవలెఁ జల్లనై యుండును.

ఆ పాఠశాలయందు నడిమింటి భైరవమూర్తి యను నుపాధ్యాయుఁడు ఐదవ ఫారము విద్యార్థులకుఁ బ్రాచీన మధ్యయుగ ప్రపంచచరిత్రమును బోధించుచుండెను. విశాలఫాలుఁడును గంభీరకంఠుఁడును జరీయంచు తలపాగాధారియు నగు నాతఁడు నోరు విప్పెనా బాబిలోను ప్రాకారములు బల్లల నడుమ మొలచి లేచుచుండెను. రోమకుల రంగస్థలములందు సింహములు గర్జించుచుండెను. త్రోవఁ బోవువారు సైతము కిటికీకడ నాగి వినుచుందురని ప్రతీతి. యౌవనముననే భార్యను గోల్పోయి సంతతి లేక యన్నగారి పంచనొక గదిలోఁ గాలము గడపుచున్న యాతనికి లోకమునఁ దనదని చెప్పుకొనఁదగిన సంపద యా ప్రతీతి యొక్కటియే. దానిని లోభి నిధినివలెఁ గాచుకొనుచుండెను.

ఆ తరగతియందు మరిడయ్య యను బాలుఁడుండెను. పట్టణోపాంతమునందలి కుమ్మరిపాలెమునఁ గుండలు చేసి జీవించు బంగారయ్య యను వాని కుమారుఁడు. ఆ పాలెమునుండి యున్నతపాఠశాలకు వచ్చినవారిలో మొదటివాఁడు. ముతకచొక్కాయుఁ దండ్రికి సాయపడుటచే బంకమన్ను వీడని గోళ్లును గలిగి వెనుకబల్ల చివర నొదిగి కూర్చుండు నీ బాలుఁడు పరీక్షలలో మాత్రము ముందుబల్లలవారి నందఱను మించుచుండుట వారికిఁ గంటిలో నలుసై యుండెను. వారి కగ్రేసరుఁడు సంస్థానపు దివానుగారి పుత్రుఁడగు జగన్నాథరాజు.

గడచిన కార్తికమాసమున విద్యాశాఖాధికారి యొకఁడు పాఠశాలను జూడవచ్చి యీ తరగతిని బ్రవేశించి బాబిలోను రాజు శాసనములయందొకని కన్ను పొడిచినవానికి శిక్ష యేమని ప్రశ్నించెను. జగన్నాథరాజు తటాలున లేచి వాని కన్నును బొడుచుటయే యని చెప్పెను. అందఱికి నదియే శిక్షయా యని యధికారి మఱల నడుగఁగా నెవ్వరును బలుకరైరి. అంత వెనుకబల్లనుండి మరిడయ్య లేచి నిలిచెను.

"కాదండి. గొప్పింటివాడి కన్ను పోతే కన్ను తీస్తారండి. బానిస కన్ను పోతే వాడి వెలలో సగం యజమానికి కట్టిస్తారండి. అంతేనండి."

అధికారి పరమానందభరితుఁడై "బాగు బాగు! ఇది నీకు మీ గురువుగారు చెప్పినదే కదా?" యని భైరవమూర్తి వైపు మెచ్చుకోలుగాఁ జూచెను. భైరవమూర్తి వినయపూర్వకముగాఁ దల వంచుటకు సిద్ధమగుచుండెను.

"లేదండి. రీడింగురూములో పుస్తకం చూసి నేనే చదువుకున్నానండి." అని బాలుఁడు నిజము చెప్పెను.

అధికారి చిఱునవ్వు నవ్వి మఱియొక తరగతికిఁ బోయెను. ఆ చిఱునవ్వు భైరవమూర్తి యెదలో విఱిగిన ముల్లువలె నిలిచిపోయెను. తాను బాలునిపైఁ బగఁబట్టితినని యాతఁడెన్నఁడు ననుకొనలేదు. విద్యావంతుల పగ తన పేరు తా నెఱుఁగదు. అది న్యాయమనియు శిక్షణమనియు విద్యావిధానమనియు నన్యనామములతో సంచరించుచుండును.

ఆ మంచు కురిసిన యుదయమున భైరవమూర్తి చెప్పిన పాఠము ఏథెన్సు నగర చరిత్రము. ఆ పౌరులు వత్సరమున కొకతూరి సభ చేరి తమలో నెవనిని వెడలఁగొట్టఁదలఁతురో వాని పేరు పగిలిన కుండపెంకుపై గీచి వేయుదురనియు నందు నేరారోపణము గాని సాక్ష్యము గాని ప్రతివాదము గాని లేదనియుఁ బెంకు లధికముగాఁ బడినవాఁడు పదిసంవత్సరములు దేశము విడిచి పోవలసినదే యనియు నాతఁడు వర్ణింపఁగా బాలు రూపిరి బిగఁబట్టి వినిరి.

"మనం కూడా అలా చేసి చూద్దామండి మేష్టారూ!" అని జగన్నాథరాజు కేక వేసెను. తరగతి యెల్ల వంతపాడెను.

భైరవమూర్తి కనులు తమంతఁ దాము వెనుకబల్ల చివరకుఁ బోయెను. "మరిడయ్యా! మీ యింటఁ బగిలిన కుండలకుఁ గొదువ లేదు గదా. రేపు మన సభకుఁ జాలినన్ని పెంకులు తెమ్ము." అనెను.

అధికారి వచ్చిపోయినది మొదలు గురువు తనతో మాటలాడుట యదియే ప్రథమము గావున మరిడయ్య యానందమునకు మేర లేకపోయెను. ఆ సాయంకాలము తండ్రి కుండలఁ గాల్చెడి యావము ప్రక్కనున్న పగిలిన కుండల కుప్పను గెలికి నునుపైన పెంకుల నేఱి కడిగి సహాధ్యాయుల వ్రేళ్లు తెగకుండుటకై వాని యంచులను ఱాతిపై నరగదీసెను. మఱునాఁ డుదయమున వానిని గంపతోఁ దలపై మోసికొని వచ్చి గురువు బల్లముందు దింపి యొక్కొక్కరికిఁ దన చేతితోఁ బంచిపెట్టెను. అంతకు మునుపే జగన్నాథరాజు బల్లబల్లకుఁ దిరిగి యందఱి చెవులలో నొక్క పేరే యూఁదియుండెను.

బొగ్గుముక్కలతో వ్రాసి బాలురు పెంకులను గంపలో వేసిరి. భైరవమూర్తి మొదటిదానిని దీసి చదివెను. మరిడయ్య. రెండవదానిని దీసెను. మరిడయ్య. మూఁడవదానినుండి బాలు రాతఁడు చదువుటకు ముందే యేకకంఠముగా నా పేరు నఱచి కిలకిల నవ్వసాగిరి. మరిడయ్య ముఖమునను మొదట నవ్వే యుండెను. ఇది యాటయని నమ్మి యాతఁడును నందఱితోపాటు నవ్వుటకుఁ బ్రయత్నించెను. పెంకు వెంటఁ బెంకు బల్లపై రాలుకొలఁది యా నవ్వు పెదవులపైఁ బిగుసుకొనిపోయి తీసివేయుట తెలియక యట్లే మిగిలెను. కడపట నే పేరును లేని పెంకొకటి వచ్చెను.

"ఇది యెవనిది?" యని గురువు గద్దించెను.

"నాదేనండి." మరిడయ్య లేచెను. "ఎవురి పేరూ రాయబుద్ధి కాలేదండి."

ఆట ముగిసినదని భైరవమూర్తి యొక్కమాట పలికినఁ జాలియుండెను. ఆ మాట యాతని నాలుకదాఁక వచ్చుటయు నిజమే. కాని దానితోపాటే యధికారి చిఱునవ్వును జ్ఞప్తికి వచ్చెను. ఆతఁడు తలపాగ సవరించుకొని గంభీరస్వరమున నిట్లు తీర్పు చెప్పెను.

"సభ యాజ్ఞ యనుల్లంఘనీయము. ఏథెన్సువారి పదిసంవత్సరములకు మాఱుగా మనము పదిదినములు గైకొందము. అంతవఱకు మరిడయ్య వసారాలోఁ గూర్చుండవలయును. ఎవ్వరును వానితో మాటలాడరాదు."

బాలున కీ శిక్ష విధించునప్పుడు భైరవమూర్తి కంఠము మునుపెన్నఁడు లేనంత మధురముగా నుండెను.

వసారాలో మంచు తుంపరలు పడుచుండఁ జలిగాలికి వణఁకుచు మరిడయ్య కిటికీక్రిందఁ గూర్చుండి లోపలి పాఠమును విని వ్రాసికొనుచుండెను. చట్టమొకటి చేతఁ జిక్కిన బాలురు దానిని బెంచి పోషించిరి. మంచినీళ్ల కడవకడ వాఁడు చేయి చాఁచినఁ దక్కినవారు కడవను మూసివేయుచుండిరి. రీడింగురూములో వాఁడు కూర్చున్న బల్లనుండి యొకరి వెంట నొకరు లేచిపోవుచుండిరి. ప్రతిదినము వానితోఁ గలసి నడచివచ్చు గానుగవాని కొడుకు సైతము తన పే రెచ్చట పెంకుల కెక్కునో యని వెఱచి మొగము త్రిప్పుకొని వేఱుత్రోవఁ బోవఁజొచ్చెను. క్రింది తరగతుల పసివాండ్రు సయితము వానిని జూచినంతనే చేతులతో నోళ్లు మూసికొని పరుగెత్తుచుండిరి.

ఒకనాఁడు భైరవమూర్తి పాఠము ముగించి వెలుపలికి రాఁగా మరిడయ్య యడ్డము వచ్చి చేతులు కట్టుకొని నిలిచెను. "మేష్టారండీ, నేను చేసిన తప్పేటో ఒక్కసారి చెప్పండి. దిద్దుకుంటాను."

తలుపుకడ గుమిగూడిన బాలు రందఱు గురువేమనునో యని చూచుచుండిరి. భైరవమూర్తి చూపుడువ్రేలు పెదవులపై నుంచుకొని తల యడ్డముగా నూపి చిఱునవ్వుతో నడచిపోయెను. బాలుర నవ్వు వసారా పొడవున వెంబడించెను. ఆ దినము మొదలు మరిడయ్య యెవ్వరి నేమియు నడుగలేదు.

గడువు తీఱిన దినమున భైరవమూర్తి వానిని లోపలికిఁ బిలిచెను. వాఁడు గడప దాఁటి తన బల్లవైపు నడువఁగా నా బల్లపైవారు కాళ్లు చాఁచి యెడము లేకుండఁ గూర్చుండిరి. ప్రక్కబల్లవారు నట్లే చేసిరి.

"చోటిండు! శిక్ష ముగిసినది." అని గురువు పలికెను.

"మాకింకా ముగియలేదండి మేష్టారూ," అని జగన్నాథరాజు జేబునుండి యొక పెంకు తీసి గురువు బల్లపై టక్కున నుంచెను. బాలు రందఱును వరుసగా వచ్చి తమతమ జేబులనుండి పెంకులు తీసి దానిపైఁ బేర్చిరి. ఈమాఱు వానిని జదువ నవసరము లేకపోయెను. భైరవమూర్తి మొగమునఁ గోపము పొడసూపెను గాని యా కోపమును వెలువరించుటకుఁ దగిన న్యాయ మాతనికడ లేదు. ఆ న్యాయమును వారికిఁ జేతులార నిచ్చివేసినవాఁడు తానే. మరిడయ్య గురువునకు నమస్కరించి గడప దాఁటి వెడలిపోయెను. మఱి రాలేదు.

మాఘము గడచి యెండలు ముదురఁజొచ్చినను మరిడయ్య జాడ లేకపోవుటచే భైరవమూర్తికి నిద్రాహారములయం దరుచి పుట్టెను. తుద కొక సాయంకాలము మనసు నిలువక కుమ్మరిపాలెమునకుఁ బోయెను. ఇంటిముంగిట మరిడయ్య కుమ్మరిసారె త్రిప్పుచుండెను. బంగారయ్య యొకచెక్కతోఁ బచ్చికుండలను దట్టుచుండి గురువును గాంచి యుల్కిపడి లేచి చేతిలోని చెక్కను విడుచుట సైతము మఱచి నమస్కరించెను.

"మా గుడిసెకి తవఁరొచ్చినారా బాబూ! పిల్లడు బడికెల్లనంటన్నాడు. ఎందుకురా అంటే నోరిప్పడు. నాతోనీ మాటాడడు, ఆల్లమ్మతోనీ మాటాడడు. నెల దాటిపోనాది. ఆడేదో తప్పు సేసుంటాడు బాబూ. ఏటి సేసినాడో తవఁరే సెప్పాల."

మరిడయ్య సారెను ద్రిప్పుట మానెను. తల యెత్తి గురువు మొగమువంకఁ జూచెను. ఆ చూపులో నిందయు లేదు రోషమును లేదు. తా నెన్నఁడో యడిగిన ప్రశ్నకు నేఁడైన నుత్తరము వచ్చునేమో యను నాశ మాత్ర మందుండెను.

వాఁడు తప్పేమియుఁ జేయలేదని చెప్పుటకే భైరవమూర్తి యంతదూరము నడచి వచ్చెను. త్రోవ పొడవున నా మాటను వల్లించుకొనుచునే వచ్చెను. కాని వాఁడు తప్పు చేయలేదన్నచో మఱి యెవఁడు చేసినాఁడన్న ప్రశ్న దానివెంటనే రాకతప్పదు. ఇరుగుపొరుగు కుమ్మరులు పనులు మాని చుట్టును జేరియుండిరి. ఏథెన్సును రోమునుఁ గరతలామలకముగా వర్ణించు నా నోరు తెఱచుకొని మూసికొని మఱల తెఱచుకొనెను.

"అవినయము." అనెను. "పెద్దలయెడ నెదురుమాట."

బంగారయ్య మొగము నల్లఁబడెను. "ఎదురుమాటా? మేష్టారికా?" యని యఱచి చేతనున్న చెక్క నెత్తెను. ఆ చెక్క లేచినంతనే భైరవమూర్తి భయభ్రాంతుఁడై వలదనుటకుఁ జేయి చాఁచెను గాని గొంతు పెగలలేదు. అప్పుడు నెలకుఁ బైబడి మూఁతవడియున్న మరిడయ్య నోరు విచ్చుకొనెను.

"మేష్టారు చెప్పినారు గదా అయ్యా. కొట్టు."

అని సారెముందు వీఁపు వంచి కూర్చుండెను. చెక్క పడెను. మఱల పడెను. పచ్చికుండలను దట్టునప్పుడు వెలువడు మెత్తని చప్పుడే యిందును వెలువడెను. వాఁడు కేక పెట్టలేదు. కన్నీ రైనను రాల్పలేదు. తల్లి గడపలోనుండి పరుగున వచ్చి నడుమఁ బడువఱకు భైరవమూర్తి యట్లే చేయి చాఁచుకొని నిలుచుండి పిమ్మట నా చేతిని మెల్లగా దింపుకొని యెవ్వరితోడను జెప్పక వెడలిపోయెను. ఇంటికిఁ బోవుత్రోవ నాతఁడు మఱలిపోయి నిజము చెప్పవలయునని రెండుమూఁడు చోట్ల నాగెను. ఆగిన ప్రతిపర్యాయము నిజము కొంచెము బరువెక్కెను. ఇల్లు చేరునప్పటికి దానిని మోయుట యసాధ్య మయ్యెను. మఱునాఁడు తరగతియందు రోమక సామ్రాజ్యోదయమును బోధించెను. త్రోవఁ బోవువారు కిటికీకడ నాగి వినిరి.

ఏఁడు తిరిగినంతనే యా యధికారి మఱల వచ్చి బాలురచేఁ జరిత్రమును బ్రత్యక్షముగా నాడించి బోధించు విధాన మపూర్వమని కొనియాడి పోయెను. కొన్ని సంవత్సరములకు భైరవమూర్తి ప్రధానోపాధ్యాయుఁ డయ్యెను. లోకమునఁ గ్రూరకర్మలు చేసినవారెల్లరును గ్రూరులైయుండరు. నిజము చెప్పవలసిన క్షణమున గొంతు పెగలనివారే పెక్కుమంది. శిక్ష పడవలసినచోటఁ బడదు. పడినచోట నడుగువాఁడు లేఁడు.

సంతత్రోవలోఁ గావడి మోయుచుఁ బోవు బంగారయ్య భైరవమూర్తి యెదురైనప్పుడెల్ల బరువును నేలకు దింపి రెండుచేతులు జోడించుచుండెను.

"తవఁరు సెప్పినకాణ్ణించి మావోడు మరెప్పుడూ ఎదురుమాట ఆడనేదు బాబూ. అసలు మాటే ఆడడు. బుద్ధిగా కుండలు సేసుకుంటన్నాడు. అంతా తవఁరి దయ."

భైరవమూర్తి కుడిచేయి కొంచెముగా నెత్తి యా నమస్కారమును గ్రహించి సాగిపోవుచుండెను. ఆతఁడు బ్రతికినంతకాలమును బంగారయ్య నమస్కరించుట మానలేదు. భైరవమూర్తియు దానిని గ్రహించుట మానలేదు.