ఉడతలు పట్టుకెళ్లిన చప్పుళ్లు

పెద్దావిడ పొద్దున లేవగానే ఇంట్లో ఏమేం పోయాయో చూసుకునేది. గిన్నెలూ తాళాలూ కాదు, చప్పుళ్లు. మెట్టు కిర్రుమంటోందా, కుళాయి చుక్క వినబడుతోందా అని. ఆ పాత ఇంట్లో ఇటుక గోడకీ లోపలి చెక్క పలకలకీ మధ్య జానెడు సందు ఉంది. అందులో ఏళ్ల తరబడి ఉడతలు కాపురం ఉంటున్నాయి. గూడు మెత్తగా ఉండాలని పీచూ దూదీ లాక్కెళ్లేవి, దొరికితే ఒక చప్పుడు కూడా. పాత ఇళ్లన్నాక అది మామూలే.

ఈసారి మాత్రం వీధి గేటు మూలుగు పోయింది. అది లేకపోతే ఎవరు ఎప్పుడు బయటికెళ్లారో తెలిసి చావదు. ముఖ్యంగా కోడలు.

"ఎక్కడికెళ్లావు?"

"సబ్బు కోసం అత్తయ్యా."

"ఏదీ సబ్బు?"

"దొరకలేదు."

"ఈ వీధిలో సబ్బు దొరక్కపోవడం నేను పుట్టాక వినలేదు."

కోడలు వెళ్లింది వీధి చివర దర్జీ ఇంటికి. ఆ దర్జీ పెద్దావిడ సొంత తమ్ముడు. ఆవిడ భర్త పోయిన రోజు ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా వచ్చారు, వాడు రాలేదు. అప్పట్నుంచి ఆవిడ ఆ వైపు తల తిప్పలేదు. ఇప్పుడు వాడు కుట్టుమిషను అమ్మేసి, ఈ సాయంత్రం రైలుకే కూతురి దగ్గరికి మకాం మార్చేస్తున్నాడు.

"వెళ్లేలోగా ఒక్కసారి చూడండత్తయ్యా. ఆ వయసులో మళ్లీ వస్తారో రారో."

"నా గడప తొక్కనివాడి గడప నేను తొక్కాలా? వెళ్లనీ. పీడా పోతుంది."

ఉడతలు కరెంటు తీగలు కూడా కొరికాయి. గోడలోంచి కమురు వాసన రావడంతో కొడుకు భయపడి, వాటిని ప్రాణాలతో బయటికి పంపే మనిషిని పిలిపించాడు. ఆ మనిషి నిన్ననే చూరు కింద కన్నానికి చిన్న రేకు తలుపు బిగించాడు. అది బయటికే తెరుచుకుంటుంది. తల్లి ఉడత పొద్దున్నే బయటికొచ్చింది, తిరిగి వెళ్లలేక చూరు మీద గోల పెడుతోంది.

పెద్దావిడ కుర్చీ వేసుకుని, లోపలి పలకలు విప్పుతున్న ఆ మనిషి ఎదురుగా కూర్చుంది. ఆవిడ చూసింది అతని చేతుల్ని కాదు, చొక్కా కాలర్ని.

"ఎవరు కుట్టారిది?"

"వీధి చివర దర్జీ గారమ్మా."

"అనుకున్నా. ఏం కబురు మోసుకొచ్చావు?"

"ఉడతల కోసం వచ్చానమ్మా."

"సరే. పిల్లల్ని చూడకుండా కన్నం మూశావో, జాగ్రత్త. తల్లి బయట, పిల్లలు లోపల. ఏ ఇంటికీ అది మంచిది కాదు."

"అందుకేగా పలకలు విప్పుతున్నాను!"

లోపల కళ్లు తెరవని పిల్లలున్నాయి. తొడుగులు వేసుకున్న చేతులతో ఒక్కొక్కదాన్నీ తీసి, గుడ్డ పరిచిన చెప్పుల పెట్టెలో పడుకోబెట్టి కిటికీ మీద పెట్టాడు. తల్లి వచ్చి, కాసేపు అనుమానంగా చూసి, నోట కరుచుకుని ఎదురు చెట్టు మీదికి చేరవేసుకుంది. ఆఖరి పిల్ల వెళ్లేదాకా పెద్దావిడ అతన్ని సుత్తి ముట్టనివ్వలేదు.

తర్వాత గూడు బయటికి లాగాడు. దిండంత ఉంది. పై పొర విప్పగానే గేటు మూలుగు జారి, నేరుగా వీధిలోకి పోయి గేటులో దూరింది. కిందిది విప్పితే చెంచా గలగల. దాని కింద నీలం ఉన్ని. అన్నిటికన్నా అడుగున, అట్టలా అణిగిపోయిన పీచులోంచి,

టక్, టక్, టక్.

చెక్క మీద ఇనుము. సూది గుచ్చుకోకుండా పెట్టుకునే ఇనుప వేలి తొడుగుని తింటున్నప్పుడు కూడా తీయని మనిషి ఆవిడకి ఒక్కడే తెలుసు. ఆ వెనకే వాన చప్పుడు. "అక్కా, నేనే. కబురందేసరికి పొరుగూళ్లో ఉన్నాను. బస్సులు లేవు, నడిచొచ్చాను. బావని చూడనే లేదు. తలుపు తియ్యి." మళ్లీ టక్, టక్. చాలాసేపు వాన. "సరేలే. నీకిష్టం లేకపోతే ఇంకెప్పుడూ రాను." బురదలో అడుగులు దూరమయ్యాయి.

పెద్దావిడ గబుక్కున లేచింది. "వాడే నీ చేత పెట్టించాడు కదూ?"

"అడుగు పొరమ్మా అది. మీరే చూసుకోండి."

చూసింది. నీలం ఉన్నిని వేళ్ల మధ్య నలిపింది. మనవడి పురిటికి తన చేత్తో అల్లిన చొక్కాది. వాడు పుట్టకముందే ఆ పిలుపు గోడలో చేరిందన్నమాట. ఆ వానలో, ఆ సాయంత్రం, తలుపుకి ఇవతల ఇదే కుర్చీలో కూర్చుని, తమ్ముడు తలుపు కొడతాడని ఆవిడ దీపాల వేళ దాటేదాకా చూసింది.

"రైలెన్నింటికి?"

"ఏ రైలత్తయ్యా?"

"నటించకు. ఆ సబ్బుల కొట్లో చెప్పే ఉంటారు."

"ఆరింటికి."

ఆవిడ చెప్పులేసుకుంది. గేటు వీధంతా వినబడేలా మూలిగింది. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

దర్జీ ఇంటి అరుగు మీద కట్టిన మూటలున్నాయి. తలుపు వేసి ఉంది. ఆవిడ ఒకసారి కొట్టింది. ఆగి గోడల వంక ఎగాదిగా చూసింది. ఆ ఇల్లూ పాతదే, లోపల ఏం కాపురముంటున్నాయో ఎవరు చూడొచ్చారు.

అందుకని పిడికిలి బిగించి, తలుపు తీసేదాకా బాదుతూనే ఉంది.