అందించని మాట

ఆమె ఆగిందా, మరిచిపోయిందా? ఇరవై ఆరేళ్లుగా రోజూ గడ్డం గీసుకునే వేళకు ఈ సందేహం వచ్చి అతని ఎదురుగా కూర్చుంటుంది. ఎడమ చెంప పూర్తయి కుడి చెంపకు నురగ రాసుకునేలోపు ఒకసారి అటు తేలుస్తాడు, ఒకసారి ఇటు తేలుస్తాడు. ముఖం కడుక్కుని దేవుడి ముందు నిలబడి, తప్పు నాదైతే క్షమించు స్వామీ అని ఒక్క ముక్క చెప్పుకుని బయటపడతాడు. తప్పు తనదో కాదో తెలియకుండా క్షమించమని అడగడం సబబేనా అన్నది రెండో సందేహం. దాన్ని ఎవరితోనూ అనలేదు.

ఈ శనివారం గడ్డం సగంలో ఉండగానే భార్య ఉప్పు వేసిన వేడినీళ్లు పట్టుకొచ్చింది.

"పుక్కిలించండి. ఇవాళ మీ గొంతు చివరి వరసదాకా పోవాలట. పక్క మంచందాకా రావడమే నేనెప్పుడూ వినలేదు."

అందులో ఎత్తిపొడుపూ ఉంది, ఆదుర్దా కూడా ఉంది. ముప్ఫై నాలుగేళ్ల ఉద్యోగంలో అతను గొంతు పెంచి ఎరగడు. నాటకశాలలో అతని పని మాట అందించడం. తెర పక్కన ప్రేక్షకులకు కనిపించని మూల, మూడుకాళ్ల స్టూలు మీద కూర్చుని, ఒళ్లో నాటకం ప్రతి, చేతిలో చిన్న టార్చిలైటు పెట్టుకుని, వేషం వేసినవాళ్లు మాట మరిచిపోతే వాళ్లకు మాత్రమే వినపడేలా చెప్పాలి. అలా చెప్పి చెప్పి అతని మామూలు మాట కూడా గుసగుసైపోయింది. కూరగాయల దుకాణంలో బేరమాడితే దుకాణదారు ఇదేదో రహస్యమనుకుని ముందుకు వంగి, తనూ గొంతు తగ్గించి, తక్కువకే ఇచ్చి పంపేవాడు. నాటకశాలలో అందరికీ అతను గుసగుసలాయనే. అసలు పేరు జీతాల పుస్తకంలో తప్ప ఎవరి నోటా లేదు.

కొత్తగా వచ్చిన దర్శకురాలు, అతని కూతురి ఈడుది, ఒక పాత నాటకకర్త హాస్యనాటకాలను వరసగా మూడు శనివారాలు చదివించాలని పూనుకుంది. ఆ నాటకకర్త పోయి నూరేళ్లు దాటింది. ఆయన ఏడిపించే నాటకాలను ఏటా ఎవరో ఒకరు వేస్తూనే ఉంటారు. మాట మీద మాట విసురుతూ నవ్వించేవి మాత్రం ఏనాడో అటకెక్కాయి. ఈ చదవడంలో వేషాలుండవు, తెరలుండవు. నటులు కుర్చీల్లో వరసగా కూర్చుని, ఎదురుగా ఇనప స్టాండు మీద ప్రతి పెట్టుకుని, చూసి చదువుతారు.

చూసి చదివేవాళ్లకు అందించేవాడెందుకు? ఈ ప్రశ్న ఎవరూ అడగకముందే అతనికి తట్టి, ఆ వారమంతా తిండి సహించలేదు. చివరికి దర్శకురాలే పిలిచి, రంగసూచనలు చదవడానికి ఒక మనిషి కావాలి, మీరే చదవాలి బాబాయ్ అంది. లేస్తుంది, కిటికీ దగ్గరికి వెళ్తుంది, తలుపు వేస్తాడు. రంగం మీద కనిపించనివన్నీ అతని నోట వినిపించాలి. మొదటి రెండు శనివారాలు ఎలాగో గట్టెక్కాడు. మూడోదే గండం. ఆ మూడో నాటకం, ఇరవై ఆరేళ్ల కిందట అతన్ని ముంచిన అదే నాటకం.

గదులు అద్దెకిచ్చి బతికే ఒక వితంతువు కథ అది. ఇంట్లో ఉన్న ముగ్గురూ నెలనెలా అద్దె ఎగ్గొట్టి, బదులుగా ఆవిడను పొగుడుతూ పెళ్లాడమని వెంటపడతారు. మూడో రంగంలో ఆ ముగ్గురిలో ఒకడైన ప్లీడరు మోకాళ్ల మీద కూలబడి, "నన్ను పెళ్లాడితే మీకు పోయేదేమిటి?" అంటాడు. "అద్దె" అంటుంది ఆవిడ. ఈ ఒక్క మాట కోసమే ఆ మహానుభావుడు మూడు రంగాలు రాసి ఉంటాడు.

ఇరవై ఆరేళ్ల కిందట ఆ వేషం పెద్దక్కది. కాపలావాడి నుంచి మేనేజరు దాకా అందరికీ ఆమె పెద్దక్కే. మొదటి ప్రదర్శనలో ప్లీడరు ప్రశ్న అడిగాక ఆమె మాట్లాడలేదు. అతను మనసులో మూడు లెక్కపెట్టాడు. నాలుగుకు ఆమె కళ్లు తన మూలకు తిరిగినట్టనిపించి, "అద్దె" అని అందించాడు. హాలు అంత నిశ్శబ్దంగా ఉంటుందని అనుకోలేదు. మూడు వరసల వాళ్లకు వినపడింది. అద్దె వసూలుకు వేరే మనిషిని పెట్టుకుందిరా అని ఎవడో అన్నాడు. జనం మూలను చూసి నవ్వారు. తర్వాత ఆమె అన్న మాట నేల మీద పడిపోయింది. ఆ రాత్రి వేషాల గదిలో మేనేజరు అందరిముందూ అతన్ని కడిగేశాడు. ఆవిడ అంత గొప్పగా ఆగితే చెడగొట్టావు, ఆగడానికీ మరవడానికీ తేడా తెలీనివాడివి ఈ పనికెందుకన్నాడు. పెద్దక్క అద్దం వైపు తిరిగి రంగు తుడుచుకుంటూ ఉంది. ఏమీ అనలేదు. నాలుగు రోజులకు నాటకం ఎత్తేశారు. అతన్ని ఏడాది పాటు ప్రేక్షకుల గొడుగులూ కోట్లూ భద్రపరిచే గదిలో కూర్చోబెట్టారు.

ఇప్పుడు పెద్దక్కకు డెబ్భై ఎనిమిది. ఆసుపత్రి నుంచి వచ్చి నెల కాలేదు. వద్దని అందరూ అన్నా, ఈ ఒక్కటీ నేను చదువుతానని పట్టుబట్టింది. గురువారం రిహార్సల్లో రెండో రంగానికే అలిసిపోయి ఇంటికెళ్లిపోయింది. దర్శకురాలిని నువ్వెవరమ్మా అని మూడుసార్లు అడిగింది. ఇంకొకటి అతనొక్కడే గమనించాడు. ఆమె చూపు కాగితం మీద ఉంది గానీ అక్షరాల వెంట కదలడం లేదు. కంటిచూపు దాదాపు పోయింది. మొత్తం కంఠతా పట్టి వచ్చింది.

నాలుగు గంటలకు హాల్లో నూట యాభై మంది దాకా చేరారు. అతని కుర్చీ పెద్దక్క పక్కనే, చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో వేశారు. మొదటి సూచన, "తెల్లవారుతుంది. ఇల్లుగలావిడ తాళాలు లెక్కపెట్టుకుంటూ వస్తుంది" అన్నది, గుసగుసగానే వచ్చింది. వెనకనుంచి ఎవరో వినపడటం లేదన్నారు. అతను మళ్లీ చదివాడు. ఈసారి తన గొంతు తనకే కొత్తగా, ఎవరో పరాయివాడు పక్కన నిలబడి మాట్లాడుతున్నట్టుగా ఉంది. పెద్దక్క పెదవి కొసన నవ్వుకుంది.

రెండు రంగాలూ సాఫీగా సాగాయి. ఆమె గొంతు సన్నబడింది గానీ చురుకు తగ్గలేదు. జనం నవ్వుతున్నారు. మూడో రంగం వచ్చింది.

"ప్లీడరు మోకాళ్ల మీద కూర్చుంటాడు" అని చదివాడతను.

"నన్ను పెళ్లాడితే మీకు పోయేదేమిటి?"

పెద్దక్క మాట్లాడలేదు.

అతను లెక్కపెట్టాడు. నాలుగు. ఐదు. ప్రతిలో ఆ చోట ఏ సూచనా లేదు. ఆమె మరిచిపోయి ఉంటే, ఎదుటనున్న కాగితం ఆమెకు తెల్లగోడతో సమానం. ఇంతమంది ముందు, బహుశా ఆమె చివరిసారి కూర్చున్న కుర్చీలో, నోరు తెరుచుకుని ఉండిపోతుంది. కావాలనే ఆగి ఉంటే, తను మళ్లీ అదే పని చేసినవాడవుతాడు. ఏడు. ప్లీడరు వేషం చదువుతున్నవాడు అతని వైపు చూశాడు. మొదటి వరసలో దర్శకురాలు ముందుకు వంగి, అందించమని వేలు ఊపింది. అతని నోరు తెరుచుకుంది కూడా.

అప్పుడు ఆమె చేతులు చూశాడు. మాట పోయినవాళ్ల సంగతి ముందు చేతులకు తెలుస్తుంది. వేళ్లు కొంగునో బొత్తాన్నో వెతుక్కుంటాయి. ఇది అతను గొడుగుల గది నుంచి తిరిగొచ్చాక, ఏళ్ల తరబడి మూలన కూర్చుని నేర్చుకున్నది. ఆనాడు కళ్లు మాత్రమే చూశాడు. ఇప్పుడామె చేతులు స్టాండు అంచున నిద్రపోతున్న పిల్లల్లా ఉన్నాయి. అతను నోరు మూసుకున్నాడు. తొమ్మిది. పది. హాల్లో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

"అద్దె" అంది పెద్దక్క.

ముందు ఒక మూల నుంచి మొదలైన నవ్వు హాలంతా పాకింది. తగ్గిందనుకునేసరికి మళ్లీ లేచింది. తర్వాతి సూచన చదవడానికి అతను చాలాసేపు ఆగాల్సి వచ్చింది.

అయ్యాక వేషాల గదిలో దర్శకురాలు పెద్దక్క కాళ్ల దగ్గర కూర్చుని, భయపెట్టేశారు, మరిచిపోయారేమో అనుకున్నానంది. పెద్దక్క అతని కోసం చేత్తో గాలిలో వెతికింది. అతను దగ్గరికి వెళ్లాడు. ఆమె అతని మణికట్టు పట్టుకుని, గదిలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా చెప్పింది.

"మరిచిపోయింది ఇప్పుడు కాదే అమ్మాయ్, అప్పుడు. బుర్రంతా చీకటైపోయింది. ఈ తమ్ముడు అందించకపోతే అక్కడే కూలబడేదాన్ని. నేను ఆగాననుకుని మేనేజరు ఇతన్ని తిడుతుంటే, అదే నిజమైతే ఎంత బాగుండునో అనిపించింది. నోరు మెదపలేదు."

"పోనివ్వండి అక్కా" అన్నాడతను. మళ్లీ గుసగుసే వచ్చింది.

"పోనిస్తే పోయేదైతే ఇన్నేళ్లు మోస్తానా? అక్కడ ఆగొచ్చని ఆ మేనేజరంటేనే నాకు తెలిసింది. నిజంగా ఆగితే ఎట్లా ఉంటుందో చూద్దామని ఇవాళొచ్చా. పక్కన నువ్వున్నావన్న ధైర్యంతోనే ఆగా."

ఆమెను చెయ్యి పట్టుకుని కారుదాకా నడిపించాడు. మెట్టు, ఇంకో మెట్టు, గుంట ఉంది అని దారి పొడుగునా అందిస్తూనే ఉన్నాడు.

ఇంటికెళ్లి సంగతంతా భార్యకు చెప్పాడు. "ఐతే ఇన్నేళ్లూ చేయని తప్పుకు క్షమించమన్నారన్నమాట. ఆ పైవాడన్నా ఒక్క ముక్క అందించొచ్చుగా" అంది. ఎక్కడ ఆగాలో ఆయనకు తెలిసే ఉంటుందన్నాడతను. అన్నాడే గానీ, పడుకునే ముందు దేవుడి ఎదుట నిలబడితే రోజూ చెప్పే ముక్క నోటికి రాలేదు. దాని బదులు ఏం చెప్పాలో కూడా తెలియలేదు. ఊరికే నిలబడి, దీపం తగ్గించి వచ్చాడు.

మంగళవారం పొద్దున పెద్దక్క నిద్రలోనే పోయిందని కబురొచ్చింది. అతను వెళ్లి చూసి, అక్కడినుంచి నేరుగా నాటకశాలకొచ్చాడు. శనివారం నాటి కుర్చీలూ స్టాండ్లూ ఇంకా రంగం మీదే ఉన్నాయి. ఒక్కొక్కటే మడిచి గోడకు చేరవేశాడు. పెద్దక్క స్టాండు అంచున, ప్రతి పక్కన, కాగితాలు తిప్పడానికి గుమాస్తాలు వేలికి తొడుక్కునే ఎర్ర రబ్బరు తొడుగొకటి ఉంది. అక్షరం కనపడకపోయినా, అందరితోపాటు సమయానికి పేజీ తిప్పడానికి తెచ్చుకున్నట్టుంది. లోపల కాస్త పౌడరు అంటుకుని ఉంది. ముట్టుకోబోయి ఆగాడు. వేలు ఇంకా అందులోనే ఉన్నట్టు అది గుండ్రంగా, నిటారుగా నిలబడి ఉంది.