మైకయ్య పింఛను

కోర్టులో కేసులకు పేర్లు పిలిచే జవాను ఆయన. నోరు తెరిచాడంటే గేటు బయట టీ తాగుతున్న కక్షిదారు గ్లాసు వదిలేసి పరుగెత్తుకు రావలసిందే. ప్లీడర్లంతా కలిసి మైకయ్య అని పేరు పెట్టారు. ఇంట్లోనూ అదే గొంతు. ఉప్పు కావాలన్నా వీధంతా వినిపించేది. నేనిక్కడే ఉన్నాను, వాయిదా ఎగ్గొట్టి పోలేదు అని భార్య విసుక్కునేది.

ఆ గొంతులోనే పుండు లేచింది. ప్రాణం నిలబెట్టడానికి డాక్టర్లు స్వరపేటిక తీసేశారు. మెడ కింద చిన్న రంధ్రం మిగిలింది, ఊపిరి అందులోంచే.

జబ్బు సెలవులయ్యాక మెడికల్ బోర్డు ముందుకు రమ్మన్నారు. పనికి పనికిరాడని వాళ్లు తేలిస్తే, ఇంకా ఎంత సర్వీసున్నా పింఛనిచ్చి ఇంటికి పంపేస్తారు. ఆయనకు ఇంట్లో కూర్చోవడమంటే చచ్చేంత భయం. రికార్డు గదిలో కట్టలు అందించే పనైనా చాలని సైగలతోనే జడ్జిగారి కాళ్లావేళ్లా పడ్డాడు. జడ్జిగారు సిఫారసు కూడా చేశారు. తన తరఫున గట్టిగా మాట్లాడమని బస్సులో దారి పొడుగునా భార్య చేయి నొక్కుతూనే ఉన్నాడు. ఆమె తలూపింది.

కానీ ఆ గదిని ఆమె ఒకసారి చూసింది. నేల నుంచి కప్పు దాకా దుమ్ము కొట్టుకుపోయిన కట్టలు. స్నానం చేస్తుంటే ఆ రంధ్రంలోకి నీటిచుక్క పోయి ఆయన గిలగిల్లాడిన తీరూ చూసింది.

బోర్డులో పెద్ద డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది.

"నువ్వు చెప్పమ్మా. ఆ గదిలో పని చేయగలరా?"

ఆయన ఆశగా భార్య ముఖంలోకి చూశాడు.

"చేయలేరండీ. ఆ దుమ్ములోకి పంపితే నాకు మిగలరు."

ఇంటికొచ్చాక ఆయన ఆమెను కన్నెత్తి చూడలేదు. అంతకుముందు చేతులతోనో, కంచం మీద చప్పుడుతోనో ఏదో ఒకటి చెబుతుండేవాడు. అదీ మానేశాడు. మాట్లాడని మనిషి అలిగాడని ఎలా తెలుస్తుందని కూతురు నవ్వబోయింది. తెలుస్తుందే తల్లీ అని, ఆమె వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుంది.

పింఛను మంజూరైన మర్నాడు ఆయన యూనిఫాం తొడుక్కుని బయల్దేరాడు. ఆమె వెనకాలే వెళ్లింది. కోర్టు వరండాలో కొత్త జవాను పేర్లు పిలుస్తున్నాడు. పాపం, వాడి గొంతు మెట్లు కూడా దాటడం లేదు. చెట్టు కింద ఒక ముసలాయన తన పేరు వినబడక అలాగే కూర్చున్నాడు. మైకయ్యకు తెలిసిన మనిషే. వెళ్లి భుజం తట్టి, లోపలికి చెయ్యి చూపించాడు. వెనక్కి తిరిగితే భార్య.

"పని పోతే పోయింది, మీరుంటే చాలనుకున్నాను," అంది ఆమె. "తప్పయితే తిట్టండి."

ఆయన పెదవులు కదిలాయి. ఆమెకు అర్థం కాలేదు. ఏమన్నారని దగ్గరికి జరిగింది. ఆయన మళ్లీ అన్నాడు. ఈసారీ అందలేదు. ఇక చాల్లే అన్నట్టు చెయ్యి విసిరి, బస్టాపు వైపు నడిచాడు.

బస్సులో ఒకటే సీటు ఖాళీగా ఉంది. ఆమెను కూర్చోబెట్టి, కడ్డీ పట్టుకుని పక్కన నిలబడ్డాడు, బయటికి చూస్తూ. కోర్టు దగ్గర ఏమన్నాడో ఆమెకు ఇప్పటికీ తెలియదు.