చివరి స్టాపు దాకా దిగని మనిషి

డాక్టరమ్మ నెమ్మదిగానే చెప్పింది. కళ్ళలో నీటికాసుల జబ్బుతో పక్క చూపు తగ్గిపోయింది, ఇక బండి నడపొద్దు. అలాగని ఇంట్లో కూర్చోవద్దు, కూర్చుంటే కాళ్ళూ పట్టేస్తాయి, మనిషీ డీలా పడతాడు అని. మా ఆయన మొదటి ముక్క విన్నాడు, రెండోది చెవిన వేసుకోలేదు. సిటీ బస్సు డ్రైవరుగా రిటైరయ్యాక కూడా స్కూటరు మీద ఊరంతా చక్కర్లు కొట్టిన మనిషి, ఆ రోజు నుంచీ కుర్చీకి అతుక్కుపోయాడు.

లైబ్రరీ పైఅంతస్తులో పెద్దవాళ్ళకి వ్యాయామం క్లాసు పెట్టారు. రమ్మని నెత్తీ నోరూ బాదుకున్నాను.

"ఎవడో నడిపే బస్సులో నేను వెనక కూర్చోవాలా?" అన్నాడు.

"వద్దులెండి, కుర్చీలోనే వేళ్ళూనుకోండి. నేనొక్కదాన్నే పోతా!"

నాకు ఒళ్ళు మండిందంటే మండిందే. చెప్పులు వేసుకున్నాను. నా మోకాళ్ళ మీద ఆయనకి నమ్మకం లేదు, అందుకని మూతి ముడుచుకుని వెంట వచ్చాడు.

బస్సులో డ్రైవరు వెనక సీటే పట్టాడు. మలుపు వచ్చినప్పుడల్లా కుడికాలు నేలకేసి నొక్కుతాడు. "బ్రేకు ముందే వెయ్యాలిరా అబ్బాయ్" అని గొణుగుతాడు. నాకు నవ్వు ఆగలేదు.

లైబ్రరీ స్టాపు వచ్చింది. నేను లేచాను, ఆయన లేవలేదు.

"మీరు దిగరా?"

"చివరి స్టాపు రాలేదుగా."

ఉద్యోగం చేసినన్నాళ్ళూ దారి మధ్యలో సీటు వదిలిన మనిషి కాదు. బస్సు కదిలిపోయింది. పళ్ళు నూరుకుంటూ మళ్ళీ కూర్చున్నాను.

చివరి స్టాపులో అందరూ దిగిపోయారు. ఆయన ముందున్న కడ్డీ పట్టుకుని అలాగే ఉన్నాడు.

"లేవండి, మహానుభావా."

"ఇలా టికెట్టు కొనుక్కుని ఎక్కి దిగానంటే, ఇక నేను డ్రైవర్ని కాదే," అన్నాడు. "ఇంకెవర్ని, చెప్పు?"

నా కోపం ఎటు పోయిందో. పక్కనే కూలబడి చెయ్యి పట్టుకున్నాను.

"డ్యూటీ అయిపోయింది, మీరు అయిపోలేదు. మీ బస్సెక్కితే మీ మెడ చూస్తూ కూర్చునేదాన్ని. పలకరిస్తే కసిరేవారు. ఇవాళే పక్కన కూర్చున్నారు. నాకెంత బాగుందో తెలుసా? ఆ కుర్చీలో రోజురోజుకీ మీరు చిక్కిపోతుంటే భయమేస్తోందండీ."

ఆయన నా వంక చూశాడు, సరిగ్గా కనిపించాలని తలంతా తిప్పి.

అదే బస్సు తిరుగు ప్రయాణం కట్టింది. మళ్ళీ టికెట్లు తీసుకున్నాను. లైబ్రరీ దగ్గరపడుతుంటే నోరు కట్టేసుకుని కూర్చున్నాను, ఒక్క మాట అంటే ఒట్టు. ఇవాళ దిగకపోతే ఇక ఈ మనిషి ఇల్లు కదలడని నాకు తెలుసు.

ఆయన లేచాడు. కడ్డీ తడుముకుంటూ చెయ్యి చాపి బెల్లు నొక్కాడు. ఇన్నేళ్ళూ ఎవరెవరో కొట్టిన బెల్లుకి బండి ఆపిన మనిషి.

"క్లాసు అయిపోయుంటుందండీ," అన్నాను, కళ్ళు తుడుచుకుంటూ.

"మనుషులుంటారుగా, పద," అన్నాడు, నాకంటే ముందు మెట్లు దిగుతూ.