కాఫీ తాగేంతసేపు

సిద్దమ్మ కుడి భుజంలో నరం ముప్పావు వంతు తెగిందని ఎముకల డాక్టరు చెప్పి పది రోజులైంది. మిగిలిన పావు వంతూ తెగితే కోసి కుట్టడం తప్ప దారి లేదనీ, భర్తను ఇక ఎత్తవద్దనీ హెచ్చరించాడు. భర్త పక్షవాతానికి వైద్యం చేస్తున్న పెద్ద డాక్టరుతో మాట్లాడి ఒక సిఫారసు ఉత్తరం కూడా రాయించాడు. ఆ ఉత్తరం మీద కర్నూలులోని ఒక సేవాసంస్థ పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట ఇంటికి నర్సును పంపుతుంది. లేపడం, కడగడం, పక్క మార్చడం వాళ్లే చూసుకుంటారు. అయితే ముందుగా ఒకరు వచ్చి, రోగి నిజంగా లేవలేడా అన్నది కళ్లారా చూసి కాగితం నింపుకోవాలి.

కల్లూరులోని వాళ్ల ఇంట్లో మూడో మనిషి లేరు. పిల్లలు పుట్టలేదు. భర్త ఓబుళేశు ముప్పై ఏళ్లు నాపరాళ్ల గని నడిపి, వందమంది కూలీలను కనుసైగతో కదిలించిన మనిషి. ఇప్పుడు ఎవరైనా లేపి నిలబెడితే, పనిచేసే చేత్తో కిటికీ కమ్మి పట్టుకొని కొన్ని నిమిషాలు నిలబడగలడు. తనంతట తాను లేవలేడు. అంతకంటే విచిత్రం, తనంతట తాను కూర్చోలేడు. మోకాలు వణకడం మొదలయ్యాక ఇక కూలిపోవడమే. ఈ కూర్చోలేని సంగతి భార్యాభర్తలకు తప్ప ఎవరికీ తెలియదు.

బుధవారం పొద్దున వాకిట్లో ఆటో ఆగిన చప్పుడు వినగానే ఆయన, “లేపు” అన్నాడు.

“పండుకోనుండు. ఆ యమ్మ చూడాల్సింది దాన్నే.”

“ఎవతో వచ్చి నన్ను పీనుగను చూసినట్ల చూసిపోవల్లనా? లేపుతావా, మంచం మీంచి దొర్లల్లనా?”

లేపి కిటికీ దగ్గర నిలబెట్టింది. భుజంలో నిప్పు తీగ లాగినట్టయింది. ఆయననేమి అనాలి, తానూ తక్కువ తినలేదు: తెల్లవారకముందే దుప్పటి మార్చి, మంచం కింది బెడ్‌పాన్ స్నానాలగదిలో దాచి, ఊదుబత్తి వెలిగించింది. పరాయి మనిషి ముక్కు మూసుకోవడం ఆమె భరించలేదు.

వచ్చిన నర్సు శివలీల, ఆదోని వైపు పల్లె పిల్ల. గడపలోనే ఆగిపోయింది.

“ఏమప్పా, నిలబడిండారే! లేవలేరని డాక్టరు రాసిండాడు.”

“రాసేది వాళ్ల పని, నిలబడేది మన పని.”

“మీరే లేస్తారా?”

“మరి నువ్వొచ్చి లేపినావా?”

ఆమె నవ్వి రాసుకుంది. “స్నానం?”

“నేనే.”

“మరి అమ్మేం చేస్తాది?”

“టీవీ చూస్తాది.”

శివలీల సిద్దమ్మ వైపు తిరిగింది. “నిజమేనా అమ్మా? మీరు చెప్పేది గూడా రాయాల.”

పంచె కింద ఆయన మోకాలు అప్పటికే వణుకుతోంది. సిద్దమ్మ చూసింది. మరో మూడు నిమిషాలు, అంతే. భర్త మాట అబద్ధమని పరాయిదాని ముందు చెప్పనక్కరలేదు. అసలు నోరు విప్పనక్కరలేదు. కాఫీ కాచేంతసేపు ఆ పిల్లను కూర్చోబెడితే చాలు.

“కాఫీ తాగి పో తల్లీ.”

“వద్దమ్మా, ఇంకా నాలుగిండ్లు తిరగాల.”

“మొదటిసారి వచ్చినావు, ఒట్టి నోటితో పోతావా?”

శివలీల కూర్చుంది.

“పోనీయే ఆ యమ్మను, పనులుండవా!” అన్నాడు ఓబుళేశు. గొంతులో కరుకుదనం సగం చచ్చింది.

సిద్దమ్మ వంటింట్లోకి పోయి పాలు పొయ్యి మీద పెట్టింది. అక్కడినుంచి కమ్మి మీది పిడికిలి కనిపిస్తోంది. తర్వాత ఆయన కళ్లు. నలభై నాలుగేళ్లలో ఆ కళ్లు ఆమెకు ఎన్నో పనులు పురమాయించాయి. బతిమాలడం ఇదే మొదటిసారి.

పాలు పొంగక ముందే పొయ్యి ఆర్పేసింది. కొయ్య కుర్చీని ఎడమచేత్తో ఈడ్చుకొచ్చి ఆయన వెనక వేసింది. భుజం మీది కండువా సర్దుతున్నట్టుగా ఒంటికి ఒళ్లు ఆనించి, బరువంతా తాను మోస్తూ కిందికి దించింది.

“పెద్దమనిషి నిలబడుకోనుంటే వచ్చినోళ్లకు ఇబ్బంది గదా,” అంది నర్సుతో.

కాగితం మీద వంగి ఉన్న శివలీల తలెత్తేసరికి ఆయన దర్జాగా కూర్చొని ఉన్నాడు.

“ఆయనే లేస్తాడు, ఆయనే కూచుంటాడు. అంతే కదమ్మా?”

“అంతే.”

సంతకం పెట్టడానికి సిద్దమ్మ కుడిచెయ్యి బల్ల మీదికి లేవలేదు. ఎడమచేత్తో దాన్ని ఎత్తి పెట్టుకుంది. శివలీల ఆ చేతినీ, ఆమె ముఖాన్నీ కాసేపు చూసింది.

“నేను చూసిందే రాయాల అమ్మా,” అంది మెల్లగా. కాఫీకి ఆగలేదు.

ఆటో కదిలిన చప్పుడు దూరమయ్యాక ఓబుళేశు నోరు విప్పాడు.

“కుర్చీ తెచ్చేకి అంతసేపా? పడింటే?”

“పడింటే ఆ యమ్మ రేపట్నుంచి వచ్చుండేది.”

ఆయన మాట మార్చాడు. “బద్వేల్లో నా తమ్మునికి ఫోన్ చెయ్. నా పని అయిపోయిందని ఊరంతా చాటుతాండాడంట. నర్సుతో నిలబడే మాట్లాడినానని చెప్పు.”

సిద్దమ్మ ఎడమచేత్తో నంబరు నొక్కింది. “గోపన్నా, మీ అన్న ఈ పొద్దు నిలబడినాడప్పా. అరగంట.”

“గంటని చెప్పు,” అన్నాడు ఓబుళేశు.

“గంట,” అంది సిద్దమ్మ. కుర్చీ కింద బండల మీద అప్పటికే తడి పారుతోంది.