వేలెడు లోతు

చూపుడువేలు జేబులోకి దించాడు కోటయ్య. అడుగు తగిలేదాకా పోనిచ్చి, గోరుతో అక్కడి కుట్టు గీకి చూసి, వేలు బయటికి తీసి, మళ్లీ దించాడు. ఎదురుగా స్టూలు మీద కూచున్న రాచర్ల గొర్రెల వ్యాపారి కాశయ్యకు ఓపిక అయిపోయింది.

"బాయి తవ్వుతున్నావా అన్నా, జేబు కుడుతున్నావా?"

"జారగూడదు గదా తమ్ముడా."

"జారేదానికి అది జేబా? గోనెసంచి. మోచేతి దాకా పోతాది నా చెయ్యి."

కోటయ్య నవ్వలేదు. నిక్కరు తిరగేసి, నడుంపట్టీ కింద బయటికి కనపడకుండా కుట్టిన ఆ దొంగజేబు నోటికి గుండీ బిగించాడు. సంతకు పోయేవాళ్లు, మిరపకాయలు అమ్ముకుని వచ్చేవాళ్లు, బస్సెక్కంగానే నిద్రపోయేవాళ్లు, అందరూ దొంగజేబు కోసం మార్కాపురంలో ఈ అరుగు దగ్గరికే వస్తారు. కోటయ్య జేబులో పెట్టిన డబ్బు దొంగకే కాదు, పెళ్లానికి కూడా దొరకదని వాళ్ల పరాచికం. ఇరవై ఏడేళ్లుగా ఆయన కుట్టిన జేబులోంచి ఏదైనా జారిందని ఒక్కరు కూడా వచ్చి చెప్పలేదు.

ఇంకో వింత కూడా ఉంది ఈయన దగ్గర. కత్తిరించగా మిగిలిన గుడ్డ దర్జీదే, అది లోకమంతా ఒప్పుకున్న మామూలు. ఆ ముక్కలతోనే దర్జీల ఇళ్లల్లో పిల్లలకు గౌన్లు, దిండ్లకు గలీబులు అవుతాయి. కోటయ్య మాత్రం బెత్తెడు పీలిక కూడా ఉంచుకోడు. మూటగట్టి బట్టలతో పాటు చేతిలో పెడతాడు. "ఈ పీలికలు నేనేం చేసుకోను రా దేవుడా!" అని కాశయ్య ఆ మూటను సంచిలో పడేసుకుని, ఆటో కోసం పరిగెత్తాడు. ఏం చేసుకుంటాడో కోటయ్యకు అనవసరం. అది తన దగ్గర లేకపోతే చాలు.

ఆయనకు అరవై నాలుగేళ్లు. సన్నటి మనిషి, మెడలో టేపు లేకపోతే చొక్కా కొక్కేనికి తగిలించారనుకుంటారు. కుడి చూపుడువేలి గోరు మీద సూది పోట్ల మచ్చలు. చిన్నప్పుడు పదేళ్ల పాటు పలకల కార్ఖానాలో రాయి కోశాడు. ఆ దుమ్ము ఇంకా ఛాతీలోనే ఉంది. దగ్గితే లోపల ఎవరో పలక మీద గోరుతో గీకినట్టు చప్పుడు. రాయి కోసే ఊపిరి లేకనే మిషను నేర్చుకుని, నాగేశ్వర్లు శెట్టి బట్టల కొట్టు అరుగు మీద కూచున్నాడు. కూచున్నవాడు మళ్లీ లేవలేదు. శెట్టి పోయి నాలుగేళ్లయింది. కొట్టు మూసేసి సామాను గది చేశారు. అరుగు మాత్రం కోటయ్యదే.

పదింటికి శెట్టి కొడుకు గిరిధర్ బండి ఆపి అరుగెక్కాడు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, గిద్దలూరులో బంగారం కొట్టు, కాపురం ఇక్కడే. రెండేళ్ల కిందట చీకటిపడే వేళ కంభం దాటినాక ఇద్దరు బండి అడ్డం పెట్టి, కత్తి చూపించి, సంచి లాక్కుపోయారు. ఆనాటి నుంచి తుపాకి లైసెన్సు కోసం తిరిగి తిరిగి, మొన్ననే తెచ్చుకున్నాడు.

"అయినయా మామా?"

కోటయ్య సొరుగులోంచి గుడ్డమూట తీసి విప్పాడు. రెండు తుపాకులు. రెండూ పలకరాయివే.

హైదరాబాదులో తుపాకులమ్మే ఆయన గిరిధర్‌కు ఒక మాట చెప్పాడట. ముందు ఎక్కడ పెట్టుకుంటావో తేల్చుకో, తర్వాత ఏది కొంటావో తేల్చుకో అని. ఇంటికి తీసుకుపోయి పెట్టి చూసుకుని తెస్తానంటే అదేమన్నా చెప్పుల జతా? అందుకని గిరిధర్ నచ్చిన రెండిటినీ కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీసుకుని, బరువు రాసుకుని వచ్చాడు. ఆ గీతల మీదనే కోటయ్య పలకలు కోసి, ఒకదాని మీద ఒకటి అతికించి, అంచులు ఆకురాయితో అరగదీసి, గ్రాము తేడా లేకుండా తెచ్చాడు. చిన్ననాటి పని చేతులు మరిచిపోలేదు.

"ముందు ఈ చక్రం ఉండేది పెట్టు," అన్నాడు కోటయ్య.

గిరిధర్ ప్యాంటు జేబులో పెట్టుకుని అరుగు మీద అటూ ఇటూ నడిచాడు. రివాల్వరు చక్రం తొడ మీద ఉల్లిగడ్డలా ఉబ్బింది.

"ఇది వద్దు బాబూ. ఊరంతా చూస్తాది."

రెండోది బల్లపరుపు పిస్తోలు, అరచేతికి కాస్త పెద్దది. అది పెట్టుకుంటే సెల్‌ఫోనో, కళ్లజోడు పెట్టెనో అనుకుంటారు. కోటయ్య ఆయన్ను కూచోబెట్టాడు, లేపాడు, వంగమన్నాడు, గొంతుకూచోమన్నాడు, బండెక్కి దిగమన్నాడు. ప్రతిసారీ జేబు నోటి దగ్గర వేలు పెట్టి చూశాడు.

"ఈ జేబులో ఇంకేమీ ఉండగూడదు. తాళాలు, చిల్లర, ఏందీ వద్దు. గుర్రానికి, అదే వేలితో నొక్కే మీటకు, ఏదైనా తగిలితే పేలుతాది. లోపల మందం గుడ్డతో వేరే సంచి కుడతా. ఇయ్యాళ ఈ రాయిని పెట్టుకుని తిరిగి చూడు. ఉన్నదేదో తీసెయ్."

గిరిధర్ జేబు ఖాళీ చేసి, రెండు చాక్లెట్లు మిషను బల్ల మీద పెట్టాడు. "మా రమ్యశ్రీవి. ఇంట్లో అడుగుపెట్టంగానే ముందు నా జేబు తనిఖీ చేస్తాది మామా. చాక్లెట్ లేదంటే నాకు అన్నం లేదు."

కోటయ్య చెయ్యి ఆగిపోయింది.

"పాపకు ఎన్నేళ్లు?"

"ఆరు నిండినయి."

"మా రోజీకి తొమ్మిది," అన్నాడు కోటయ్య.

ఆ పేరు ఇరవై ఏడేళ్లుగా ఆ అరుగు మీద ఎవరూ ఎత్తలేదు.

ఆ ఏడు ఎండాకాలం నాగేశ్వర్లు శెట్టి రివాల్వరు కొన్నాడు. దాన్ని దాచుకోను లోపలి బనియనుకు జేబు కుట్టమని పచ్చచారల మందం గుడ్డ ఇచ్చాడు. రోజీ అప్పటికి నెల రోజుల నుంచి వేధిస్తోంది, తన పసుపుపచ్చ గౌనుకు జేబు కావాలని, బలపం పెట్టుకోవాలని. చేతిలో పట్టుకుంటే విరిగిపోతోందట. ఎంత గుడ్డ కావాలి బలపానికి? శెట్టి జేబును వేలెడు లోతు తగ్గించి కోస్తే చాలు. కోశాడు. గౌనుకు పచ్చచారల జేబు వచ్చింది. ఆ పిల్ల ఆ రోజంతా జేబులో చెయ్యి పెట్టుకునే నడిచింది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం నాయనకు అన్నం క్యారియరు తెచ్చి, నీళ్లు తాగొస్తానని కొట్టు వెనకే ఉన్న శెట్టి ఇంట్లోకి పోయింది. తర్వాత చప్పుడు. శెట్టి తూలుకుంటూ బయటికొచ్చి, "వంగినాను కోటయ్యా, జేబులోంచి జారింది, బండ మీద పడి పేలింది," అన్నాడు. పోలీసులు అదే రాసుకున్నారు. ఊరు అదే చెప్పుకుంది. బిడ్డను పడుకోబెట్టినప్పుడు గౌను జేబులో బలపం విరక్కుండా ఉంది. దినాలు గడిచాక శెట్టి వచ్చి, "ఈ అరుగు నువ్వు బతికినంత కాలం నీది," అన్నాడు. కోటయ్య తలెత్తి ఆయన మొహం చూడలేకపోయాడు. ఇప్పటికీ లోపల తలుపు రెక్క దభాలున పడితే ఆయన కాలు మిషను మీదే ఆగిపోతుంది. గది చీకట్లోంచి నాయనా అని పిలుపు వినపడినట్టే ఉంటుంది. తిరిగి చూడడు. చూస్తే ఎవరూ ఉండరని ఆయనకు తెలుసు, అదే భయం.

"బాబూ, ఒక మాట చెప్పాల," అన్నాడు. దగ్గు వచ్చింది, ఆపుకున్నాడు. "మీ నాయన జేబు నేను వేలెడు తగ్గించి కోసినా. ఆ గుడ్డ నా బిడ్డ గౌనుకు పెట్టినా. జేబు చాలకనే అది జారింది. మీ నాయనకు తెలీదు. పోలీసోళ్లకు తెలీదు. ఆయన పాపం నన్ను చూసి జాలిపడి అరుగిచ్చినాడు. బిడ్డను చంపింది ఆయన తుపాకి కాదు, నా కత్తెర."

గిరిధర్ మొహం పాలిపోయింది. "మామా..." అన్నాడు. కోటయ్య తల వంచుకుని ఆ తర్వాతి మాట కోసం చూశాడు. రాలేదు. గిరిధర్ అరుగు దిగి, బండి స్టార్టు చేసి, పలక పిస్తోలు జేబులో పెట్టుకునే గిద్దలూరు దారి పట్టాడు. చాక్లెట్లు బల్ల మీదే ఉండిపోయాయి.

ఒంటి గంటకు భార్య జ్ఞానమ్మ అన్నం తెచ్చింది. రోజీ పోయినప్పటి నుంచి ఆమే తెస్తుంది. కోటయ్య రెండు ముద్దలు తిని పక్కన పెట్టాడు.

"చెప్పేసినా," అన్నాడు.

"ఏంది?"

"జేబు సంగతి. గిరిబాబుకు."

జ్ఞానమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ఆయన ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. ఆమె ఎన్నడూ అడగలేదు. కానీ ఆ గౌను ఉతికింది ఆమే, ఆ పచ్చచారలు ఎవరి గుడ్డవో ఆమెకు ఆనాడే తెలుసు.

"ఏమన్నాడు?"

"ఏమనలే. లేచి పోయినాడు. తిట్టినా బాగుండు జ్ఞానా. చెప్పు తీసుకుని కొట్టినా బాగుండు. ఒక్క మాట అనుంటే నా పని అయిపోయేది."

"వస్తాడులే. అంత మాట మింగుడుపడాల గదా ఆ పిల్లోడికి."

ఆమె క్యారియరు సర్దుకుని పోయింది. కోటయ్య గిరిధర్ ప్యాంటుకు కావలసిన సంచి కోయడం మొదలుపెట్టాడు. మందం కాన్వాసు, సొంత డబ్బుతో కొన్న గుడ్డ. జానెడు కొలిచి, రెండు వేళ్లు కలిపి, ఇంకో వేలు కలిపి కోశాడు. రమ్యశ్రీ చెయ్యి ఎంత ఉంటుంది? ఆరేళ్ల పిల్ల చేతికి అందకుండా ఉండాలంటే నోటికి రెండు గుండీలు, లోపల ఒక మడత. కుట్టి, వేలు దించి చూశాడు. మడత కింద ఇంకా వేలు పోతోంది. పెద్దవాళ్ల చెయ్యి పోయే చోటికి పిల్లల చెయ్యి పోదా? విప్పి మళ్లీ కుట్టాడు. బండి చప్పుడు వినపడినప్పుడల్లా తలెత్తాడు. ఒకటి పాలవాడిది, ఒకటి ఎవరో పెళ్లిపత్రికలు పంచేవాళ్లది. గిరిధర్ రాలేదు.

నాలుగింటికి దగ్గు బలంగా వచ్చింది. సూది గుడ్డకే గుచ్చి, గోడకు చేరగిలబడ్డాడు. ఎదురు టీ కొట్టు పోలమ్మ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి, "అన్నా, టీ," అని పోయింది. అరగంటకు గ్లాసు కోసం తిరిగొస్తే టీ మీద మీగడ కట్టి ఉంది. కోటయ్య కళ్లు రోడ్డు వైపే ఉన్నాయి. చూపుడువేలు ఆ కాన్వాసు జేబులో ఉంది.

గిరిధర్ ఆ రోజంతా గిద్దలూరు కొట్లో కూచున్నాడు, లేచాడు, వంగాడు. రాయి జారలేదు. ఎవరికీ కనపడలేదు. జేబు సరిగ్గా సరిపోయింది. ఆరింటికి ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుండగానే రమ్యశ్రీ వచ్చి చెయ్యి జేబులోకి తోసింది. చాక్లెట్లు లేవు.

"ఏంది నాన్నా ఇది? పలకా?"

ఆయన వద్దు అనేలోపలే అది ఆ పిల్ల చేతిలో ఉంది. గుర్రం ఉండే సందులో చిటికెనవేలు దూర్చి పట్టుకుంది. అక్కడే నేల మీద చతికిలబడి, బలపం తెచ్చుకుని దాని మీద రాయడం మొదలుపెట్టింది. ఆయన నిలబడి చూశాడు. తర్వాత దాన్ని లాక్కుని, వెనకాల పిల్ల ఏడుస్తున్నా ఆగకుండా బండెక్కాడు.

అరుగు మీద చాప పరిచి ఉంది. కోటయ్య మీద మొహం దాకా దుప్పటి కప్పి ఉంది. చర్చివాళ్లు నలుగురు మెట్ల మీద నిలబడి ఉన్నారు. జ్ఞానమ్మ మిషను కాళ్ల దగ్గర కూచుని ఉంది. గిరిధర్ ఆమె ముందు గొంతుకూచున్నాడు.

"అత్తా. ఆ రోజు అది జేబులోంచి జారలేదు." చేతిలో పలక పిస్తోలు అలాగే ఉంది. "నాయన అన్నం తింటా బనియను కొక్కేనికి తగిలించినాడు. తుపాకి నేను తీసినా. రోజీకి చూపిద్దామని తీసినా. నాకు పదకొండేళ్లు అత్తా. చెయ్యి జారి పేలింది. నా మీదికి రాకుండా నాయన అట్ల చెప్పినాడు."

జ్ఞానమ్మ ఆయన చేతుల వైపు చూసింది.

"అయితే జేబు చాలిందా?"

"చాలింది. గట్టిగా పట్టింది. రెండు చేతులా లాగితేగాని రాలేదు."

ఆమె దుప్పటి అంచు సర్దింది. కోపం ఉంది ఆ మొహంలో, దానికి పోయే దారి లేదు.

"ఈ ముక్క పొద్దున చెప్పుంటే ఏమయ్యేది నాయనా?" అంది. "పొద్దున బతికే ఉన్నాడు గదా."

గిరిధర్ చేతిలో ఉన్నదాన్ని మిషను బల్ల మీద పెట్టి, మెట్లు దిగి, చర్చివాళ్ల పక్కన నిలబడ్డాడు. ఆటో వచ్చింది. నలుగురితో పాటు ఆయన కూడా భుజం పట్టాడు.

ఎండకు మెత్తబడిన రెండు చాక్లెట్ల పక్కన పలక పిస్తోలు ఒక్కటే మిగిలింది. దాని మీద బలపంతో అ, ఆ, ఇ, ఈ వంకరగా రాసి ఉన్నాయి, ఉ దగ్గర చోటు చాలక సగంలో ఆగింది.