ఐదుకు జర తక్కువ

గఫార్ లెక్కపెట్టాడా, లెక్కపెట్టకుండానే బిగించాడా? తొమ్మిదేళ్లుగా సాంబయ్య మనసులో ఈ ఒక్క అనుమానమే గూడు కట్టుకుని ఉంది. కాళేశ్వరం వెళ్లి, ఒకే పానవట్టం మీదున్న రెండు లింగాలకు మొక్కినప్పుడల్లా అదే అడిగాడు. దేవుడు జవాబు చెప్పలేదు. చెప్పలేదని సాంబయ్యకు కోపమూ లేదు. జవాబు తన పశువుల కొట్టంలోనే, టార్పాలిన్ కింద ఉందని ఆయనకు తెలుసు. కొట్టంలోకి వెళ్లి చూసుకునే ధైర్యం లేకనే గుడికి వస్తున్నానా అని ఒక్కోసారి అనిపించేది.

టార్పాలిన్ కింద ఉన్నది ఆయన జీపు. నాలుగు చక్రాలూ లాగే బండి. మహదేవపూర్ అవతల అడవి ఊళ్ల నుంచి సంతకూ దవాఖానకూ జనాన్ని దాని మీదే తిప్పేవాడు. తొమ్మిదేళ్ల కింద దాని ముందరి ఇరుసు విరిగింది. కొత్తది కొనలేక జనగామ పాత ఇనుము దుకాణంలో ఒక ఇరుసు ఏరుకొచ్చి, భూపాలపల్లిలో షెడ్డు నడిపే గఫార్ ముందు పడేశాడు.

గఫార్ దాన్ని అటూ ఇటూ దొర్లించి చూశాడు. "సాంబన్నా, ఇది ఏ బండిదో ఏమో. పైకి అన్నీ ఒక్కతీరే ఉంటయ్, లోపల గేరు పండ్ల లెక్క వేరుంటది. చక్రం ఒక్కసారి తిరగాలంటే షాఫ్టు వెనక ఎన్నిసార్లు తిరుగుతదో ముందు గూడ అన్నిసార్లే తిరగాలె. లేకుంటే ఒక్క కాడికి ఉరికే ఎద్దును, కుంటే ఎద్దును కట్టినట్టే. ఒకదాన్నొకటి గుంజుకొని సస్తయ్. లెక్కపెట్టి సూస్త. కలిస్తెనే బిగిస్త."

రెండు రోజుల తర్వాత సాంబయ్య వెళ్లేసరికి ఇరుసు బిగించి ఉంది. లెక్కపెట్టడం ఆయన చూడలేదు. బండిలో జాకీ పాడైందని చూసి గఫార్ తన జాకీ తీసి సీటు కింద పెట్టాడు. "పనయినంక తెచ్చియ్యి భాయ్, నాకు గిదొక్కటే ఉన్నది."

వారం తిరగకముందే నాట్లేస్తున్న ఎల్లక్కను పాము కరిచింది. ఎల్లక్క సాంబయ్య అక్క. తల్లి పోయాక ఆయన్ను సాకింది ఆమే. దవాఖానకు పోయే దారిలో ఒర్రె నిండుగా పారుతోంది, పైన వాన. గట్టు మీద జీపు ఆపి, కిందికి దిగి, ముందు చక్రాలకు బలం అందించే బిళ్లలు తిప్పి, ఎక్కి, గేరు కర్ర లాగి ఒర్రెలోకి దిగాడు. ఆయనకు అట్లాగే జ్ఞాపకం. నడుమకు వెళ్లేసరికి వెనక చక్రాలు బురద చిమ్ముతూ దిగబడ్డాయి. ఇంజను ఆగింది. ట్రాక్టరు వచ్చి గట్టుకు గుంజేసరికి రెండు గంటలు. ఎల్లక్క అప్పటికే తల వాల్చేసింది.

దినాల నాడు ఎవరో అన్నారు, "పాత ఇరుసు గదా, ముందూ వెనకా లెక్క కలిసి ఉండదు" అని. ఆ మాటను సాంబయ్య పట్టుకున్నాడు. నీళ్లలో పడ్డవాడు తాడు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. భూపాలపల్లి వెళ్లి, షెడ్డు ముందు పదిమంది చూస్తుండగా, "లెక్క తప్పు బిగించి మా అక్కను సంపినవ్" అని అరిచాడు. గఫార్ ముఖం తెల్లబోయింది. చేతికున్న గ్రీజు తుడుచుకుంటూ ఒక్కటే అన్నాడు: "నేను లెక్కపెట్టిన సాంబన్నా. నమ్మకుంటే నువ్వు లెక్కపెట్టుకో. జాకీ నీ దగ్గర్నే ఉన్నది."

సాంబయ్య లెక్కపెట్టలేదు. జీపును కొట్టంలోకి తోయించి టార్పాలిన్ కప్పాడు, మళ్లీ నడపలేదు. ప్రాణం తీసే మిస్త్రీ అని పేరు పడ్డ షెడ్డుకు బండ్లు రావడం తగ్గింది. ఏడాదికల్లా గఫార్ తాళం వేసి, భార్య చాంద్‌బీ పుట్టిల్లు డోర్నకల్‌కు వెళ్లిపోయాడు.

ఇప్పుడు జీపును ఇనుము కింద కొనడానికి కొండల్ అనే వ్యాపారి సోమవారం వస్తానన్నాడు. ముక్కలయ్యాక ఇక ఎవరూ ఏదీ లెక్కపెట్టలేరు. ఆదివారం పొద్దున పూజ ముగించి, బొట్టు తడి ఆరకముందే, సాంబయ్య టార్పాలిన్ లాగాడు. సీటు కింద నుంచి జాకీ తీశాడు. తుప్పు మీద డీజిలు పోసి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, వెనక చక్రం ఒకటి లేపాడు. భార్య శ్రీలతను సంచి పరిచి బండి కింద పడుకోబెట్టాడు.

"ఏమయ్యా, ఆడిదాన్ని బండి కింద పండవెట్టినవ్. సూసినోళ్లు ఏమనుకుంటరు?"

"మిస్త్రీ పని నేర్సుకుంటున్నదనుకుంటరు. షాఫ్టు మీద సుద్దగీత సూడు. నేను చక్రం రెండు సుట్లు తిప్పుత. గీత పైకొచ్చినప్పుడల్లా లెక్కపెట్టు."

ఒక్క చక్రాన్నే లేపితే రెండు చుట్లు తిప్పాలని గఫార్ ఎప్పుడో చెప్పిందే. సాంబయ్య తిప్పాడు. శ్రీలత వడ్లు కొలిచే మనిషి, మొదటిదాన్ని ఒకటి అనదు, లాభం అంటుంది.

"లాభం... రెండు... మూడు... నాలుగు... ఐదు కాలే. ఐదుకు జర తక్కువ."

జాకీని ముందుకు తెచ్చి ఎడమ చక్రం కింద పెట్టాడు. ముందు షాఫ్టుకూ సుద్దగీత గీశాడు. "ముక్తేశ్వరా" అనుకుని తిప్పాడు. చక్రం తేలిగ్గా తిరిగింది.

"తిప్పుతున్నవా?" అంది కింద నుంచి శ్రీలత.

"తిప్పుతనే ఉన్న."

"ఏం తిప్పుతున్నవో! ఈడ షాఫ్టు సడి లేదు, సప్పుడు లేదు."

లోపల ఏదో విరిగి ఉంటుంది, తప్పు గఫార్‌దే! ఒక్క క్షణం సాంబయ్యకు ప్రాణం లేచివచ్చింది. అంతలోనే చూపు చక్రం నడుమ ఉన్న బిళ్ల మీద పడింది. దాని గాడిలో ఆనాటి ఒర్రె మట్టి ఎండి గడ్డకట్టి ఉంది. బిళ్ల మీది గుర్తు బిగించిన వైపు లేదు. వదిలేసిన వైపే ఉంది.

లేచి కుడి చక్రం దగ్గరికి వెళ్లాడు. అక్కడ బిళ్ల బిగించే ఉంది.

రెండూ బిగించాలి. ఒకటి వదిలేస్తే ముందు ఇరుసు బలమంతా ఆ వదిలిన వైపే ఉత్తగా పోతుంది. రెండో చక్రం కదలదు. బండి నడిపే ప్రతివాడికీ తెలిసిన సంగతే.

అప్పుడు గుర్తొచ్చింది. వానలో దిగి కుడి బిళ్ల తిప్పాడు. ఎడమ వైపుకు వెళ్లబోతుంటే లోపల నుంచి ఎల్లక్క పిలిచింది. "తమ్మీ, సలి పెడుతున్నదిరా." పరుగున వెళ్లి భుజం మీది తువ్వాల తీసి ఆమెకు కప్పాడు. అటు నుంచే ఎక్కి గేరు కర్ర లాగాడు.

సాంబయ్య మట్టి గీకి, సుత్తితో మెల్లగా తట్టి, ఆ బిళ్లను బిగించాడు. ఆనాడు చేయవలసిన పని. మళ్లీ చక్రం తిప్పాడు.

"లాభం... రెండు... మూడు... నాలుగు... ఐదుకు జర తక్కువ. వెనక లెక్కనే వచ్చిందయ్యా."

శ్రీలత బయటికి వచ్చేసరికి ఆయన నేల మీద కూలబడి ఉన్నాడు. సంగతి చెప్పాడు. ఆమె చీర దులుపుకుని పక్కన కూర్చుంది.

"అక్క పిలిస్తే పోయినవ్. ఎవరైనా పోతరు."

"అది దేవుడు మాఫ్ చేస్తడేమో. గఫార్‌ను పదిమంది ముంగట నిలవెట్టింది గూడ చేస్తడా?"

శ్రీలత లేచింది. చక్రం నేలను తాకేదాకా మర దించి, జాకీని బయటికి లాగి తుడిచి, తువ్వాలలో చుట్టి, ఆయన పక్కన పెట్టింది.

మర్నాడు కొండల్ వచ్చేసరికి సాంబయ్య ఊళ్లో లేడు. వరంగల్‌లో రైలెక్కి, జాకీని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మానుకోట దాటాక ఏం మాట్లాడాలో కూడబలుక్కున్నాడు. డోర్నకల్‌లో దిగేసరికి అంతా మరిచిపోయాడు.

చాంద్‌బీ గడప దగ్గర ఉల్లిగడ్డలు తరుగుతోంది. చూడగానే గుర్తుపట్టింది. లేవలేదు.

"భాయ్ ఉన్నడా చెల్లె?"

"పోయిన రంజాన్ ముంగటనే పోయిండు. గుండెనొప్పి."

సాంబయ్య ఒక అడుగు ముందుకు వేశాడు. జాకీ మీది తువ్వాల విప్పాడు. "ఐదుకు జర తక్కువ. ముందూ వెనకా ఒక్కటే చెల్లె. తప్పు నాది. బిళ్ల ఒకటి బిగించుడు నేనే మరిచిన. భాయ్ మీద ఏసిన."

చాంద్‌బీ కత్తిపీట పక్కకు జరిపింది. "ఐదు లెక్కపెట్టనీకి తొమ్మిదేండ్లు పట్టిందా సాంబన్నా?"

ఆమె తరిగిన ఉల్లిగడ్డలు గిన్నెలోకి తీసింది.

"ఈడ ఇంకొకల షెడ్డుల కూలికి చేసిండు. నీ జాకీ ఏదని వాళ్లడిగితే, సాంబన్న దగ్గరున్నది, లెక్కపెట్టినంక తెస్తడు అనేటోడు. ఉన్నన్ని దినాలు అట్లనే అన్నడు. నువ్వు ఇప్పుడొస్తే ఏం చెయ్యాలె నేను?"

సాంబయ్య వంగి, జాకీని ఆమె ముందు గడప మీద పెట్టాడు. మాఫ్ చెయ్యమని అడగడానికి నోరు రాలేదు. ఆమె కూడా చేశానని అనలేదు.

ఆమె జాకీ వైపు చూసింది. చక్రం లేపినప్పుడు పైకెత్తిన మర సగమే దిగి అట్లాగే నిలబడి ఉంది. చాంద్‌బీ కొంగుతో చేతులు తుడుచుకుని, ఆ మరను చుట్టు చుట్టుగా, అడుగు దాకా దించింది.

"పనయినంక దించి పెట్టాలె," అంది. జాకీని రెండు చేతులా ఎత్తుకుని లోపలికి తీసుకుపోయింది.